పడమటి గాలికి ఆరిన జుట్టు

ఫిబ్రవరి నెల, రెండో శనివారం. బరంపురం, లంజిపల్లి ఇల్లు. ఆకాశం నిర్మలం. గాలి పడమటి నుంచి, పొడిగా ఉంది. హాజరైనవారు: నేను, నా భార్య, సోనేపూర్ నుంచి నిన్న సాయంత్రం బస్సులో వచ్చిన ఆమె చెల్లెలు, మా కోడలు, పన్నెండేళ్ల మా మనవరాలు. మా అబ్బాయి షామియానా వాళ్ల వెంట తిరుగుతున్నాడు కనుక అతనికి హాజరు వేయలేదు.

నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఆకాశం, గాలి, ఆ తర్వాత మనుషులు. ఈ వరస ఉద్యోగం నేర్పింది. సముద్రం ఒడ్డున ఉన్న వాతావరణ కేంద్రంలో మబ్బులూ గాలీ తేమా చూసి రాయడమే నా పని. పదవీ విరమణ తర్వాత కూడా కళ్లు ముందు ఆకాశం వైపే పోతాయి. "పెల్లినాడు నా మొకం సూడకముందే ఈ మనిషి మబ్బు సూసినాడు" అని నా భార్య చుట్టాలందరికీ చెబుతుంది. అది నిజమే. ఆ రోజు ఈశాన్యంలో మబ్బు పట్టి ఉంది.

మరునాడు, ఆదివారం, మనవరాలికి ఓణీల వేడుక. ఓణీ కొన్నారు, గాజులు కొన్నారు, పూలజడకి మల్లెలూ కనకాంబరాలూ చెప్పి వచ్చారు. తేలని సంగతి జడ ఒక్కటే.

ఆ పిల్లది రింగుల జుట్టు. ఆ మాట చాలదు. ఒక్కో వెంట్రుకా బాల్‌పెన్ను లోపలి స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. వేలితో ఒక పాయ పట్టి కిందికి లాగితే వస్తూనే ఉంటుంది, వదిలితే చటుక్కున వెనక్కి పోయి భుజం దగ్గర ఆగిపోతుంది. వానాకాలంలో తల చుట్టూ మబ్బులా లేస్తుంది. దాని అసలు పొడవెంతో ఇంట్లో ఎవరికీ తెలియదు. నడుం దాకా ఉందని అది అంటుంది. బంధువుల పిల్లలు నమ్మరు. "నీది జుట్టు కాదే, కొబ్బరి పీసు" అని ఏడిపిస్తారు.

నిరుడు బడిలో వార్షికోత్సవం రోజున మా కోడలు పక్కింటి నుంచి స్ట్రెయిటనర్ తెచ్చి, కూతురి జుట్టు సాపు చేయబోయింది. వేడి రేకుల మధ్య పాయ పెట్టి లాగగానే పొగ లేచింది. కాలిన ఈక వాసన ఇల్లంతా కమ్మింది. ఎడమ చెవి పైన ఉన్న పాయ విరిగి కోడలి చేతిలోకి వచ్చేసింది. అప్పటి నుంచి బట్టల ఇస్త్రీపెట్టె కనిపించినా పిల్ల గది వదిలి పోతుంది.

ఆ తర్వాత మేనమామ పెళ్లిలో సవరం కట్టి జడ వేశారు. నాట్యం చేస్తుంటే మధ్యలో అది ఊడి కింద పడింది. పిల్లలు దాన్ని ఎలకతోకలా ఒకరి మీద ఒకరు విసురుకుని ఆడుకున్నారు. మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పూట ఇద్దరం కలిసి మబ్బులు చూశాం.

ఓణీల ముహూర్తం పెట్టిన రోజే మనవరాలు తన షరతు చెప్పేసింది. "ఇస్త్రీ వద్దు. సవరం వద్దు. నా జుట్టుతోటే జడ ఎయ్యాలి. లేపోతే పీట మీద కూకోను."

కోడలిది ఖల్లికోట. రైలు పట్టాల పక్కన పెరిగిన మనిషి, దేనికైనా రెండో బండి చూసి పెట్టుకుంటుంది. ఆదివారం పొద్దున్నే స్ట్రెయిటనర్ పట్టుకుని రమ్మని పార్లరు ఆవిడకి చెప్పేసింది. "అది ఏడిస్తే ఏడవనీ మావయ్యా. పదిమంది ముందల నా పిల్ల తల పిచ్చిక గూడులాగుంటే నాను సూడలేను. ఫొటోలు బతికున్నన్నాళ్లూ ఉంటాయి" అని నాతో అంది. అంటున్నప్పుడు ఆమె కూతురి ఎడమ చెవి వైపు చూడలేదు.

అంటే ఆదివారం పొద్దుటికి జుట్టు వేడి లేకుండా సాపు కావాలి. కాకపోతే ఆ వేడి రేకులు మళ్లీ ఆ తల మీదికి వస్తాయి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. పిల్లకి అందరికంటే బాగా తెలుసు.

నా భార్యకి వాళ్లమ్మ చేసిన పని ఒకటి గుర్తుంది. సోనేపూర్‌లో వాళ్లది సముద్రం మీద చేపల వేటకి వెళ్లే ఇల్లు. వల అల్లడానికి కొత్త నూలు తెచ్చినప్పుడు, దాన్ని తడిపి, రెండు గుంజల మధ్య బిగదీసి కట్టి గాలికి ఆరబెట్టేవారు. తడిగా ఉండగా ఎలా లాగి ఉంచితే ఆరాక అలాగే నిలుస్తుంది. మెలికలు పోతాయి. వాళ్ల పెద్దక్కది కూడా రింగుల జుట్టు. పండగ ముందు రోజు వాళ్లమ్మ ఆ జుట్టుని తడిపి, పాయలు తీసి, ఒక్కో పాయకీ కుదురు నుంచి కొస దాకా నల్ల నూలు దారం చుట్టేది. పాయ దారం లోపల నిటారుగా ఆరేది. దారం చుట్టే చెయ్యి మాత్రం నా భార్యకి రాలేదు, ఆమె చెల్లెలికి వచ్చింది. అందుకే సోనేపూర్‌కి ఫోను వెళ్లింది.

"గాలి సంగతి మీరు సూడండి" అని నా భార్య నాకు పని ఒప్పజెప్పింది. "ఇన్నాల్లూ సర్కారుకి సెప్పినారు. ఇప్పుడు మనింటి ఆడగుంటకి సెప్పండి."

నేను వారం నుంచి గాలి చూస్తూనే ఉన్నాను. ఈ రోజుల్లో బరంపురంలో పొద్దున్న పడమటి గాలి వీస్తుంది, అది పొడిగాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది, అది తేమ తెస్తుంది. ఎండ ఎక్కగానే తలంటు అయిపోవాలి, సముద్రం గాలి రాకముందే జుట్టు ఆరాలి. అదే చెప్పాను.

శనివారం ఎండెక్కగానే పెరట్లో తలంటు మొదలైంది. శీకాయతో రుద్ది, చివర తరవాణి పోశారు. అన్నం కుండలో పులిసిన ఆ నీళ్లతో కడిగితే జుట్టు మెత్తబడుతుందని ఇక్కడ తెలుగింట్లోనైనా ఒడియా ఇంట్లోనైనా చెబుతారు. పిల్ల ముక్కు మూసుకుంది.

"అమ్మమ్మా, కంపు కొడతాంది!"

"కంపేటి గుంటా, మీ తాత రోజూ పొద్దున్న తాగుతాడు ఆ నీల్లు" అంది చిన్నమ్మమ్మ. మా మరదల్ని పిల్ల అలా పిలుస్తుంది. నా భార్య నాన్నమ్మే అయినా, చెల్లెల్ని చిన్నమ్మమ్మ అనీ అక్కని అమ్మమ్మ అనీ పిలవడం దానికి చిన్నప్పుడు అంటుకుంది. ఎవరూ దిద్దలేదు.

"తాగితే తాత జుట్టు సాపుగా ఉందా మరి?"

"ఆయనకి జుట్టేదే సాపుకి?"

ముగ్గురూ నవ్వారు. నేను నా తల తడుముకుని కుర్చీ కొంచెం దూరం జరుపుకున్నాను.

తడి జుట్టుని పెద్దపళ్ల చెక్క దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీశారు. అప్పుడు చూశాను. నీళ్లు కారుతున్నంతసేపూ రింగులు బరువుకి సాగి వేలాడాయి. నీళ్లు కారడం ఆగగానే ఒక్కొక్కటీ మళ్లీ పైకి ముడుచుకోసాగింది. ప్రాణమున్న దానిలా కదులుతోంది. "ఉద్యోగమంతా వెంట్రుకలతోనే గడిపాను, ఇలాంటిది ఎన్నడూ చూడలేదు" అంటూ కుర్చీలోంచి లేచాను.

"ఎంటికలతో ఉద్యోగమేటి తాతా?" అని పిల్ల అడిగింది. దానికి చెప్పాను. మా కేంద్రం ఆవరణలో తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె ఒకటి స్తంభాల మీద ఉండేది. గాలి దూరడానికి దాని గోడలకి ఏటవాలు పలకలు. లోపల ఒక పరికరం. అందులో మనిషి వెంట్రుకలు ఒక గుత్తిగా బిగించి ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే ఆ వెంట్రుకలు పిసరంత సాగుతాయి, తగ్గితే పొట్టి అవుతాయి. వాటికి తగిలించిన సిరా ములికి తిరిగే కాగితం మీద గీత గీస్తుంది. రాత్రీ పగలూ ఆ గీత నడుస్తూనే ఉంటుంది. వెంట్రుకల మీద దుమ్ము చేరకుండా మెత్తని కుంచెతో నీళ్లు అద్ది కడిగేవాణ్ణి. తుఫాను రోజుల్లో ఆకాశం, సముద్రం, ఇసుక అన్నీ ఒకటైపోయి ఏమీ కనిపించనప్పుడు కూడా, ఆ పెట్టెలోని వెంట్రుకలు తమ పని తాము చేసుకుపోయేవి.

"ఎవురియి ఆ ఎంటికలు?"

"తెలీదమ్మా. ఎవరివో అని నేనూ చాలాసార్లు అనుకున్నాను."

"తేమ తగిల్తే ఆ ఎంటికలు పొడుగవుతాయా? నాయి పొట్టి అవుతాయి కదా!"

 ఆలోచించాక తట్టింది. దాని వెంట్రుక కూడా తేమకి పిసరంత సాగుతూనే ఉండాలి. కానీ సాగినదంతా చుట్టలోకి పోతుంది, అందుకని కంటికి పొట్టిగా కనిపిస్తుంది. ఆ మాటే దానికి చెప్పాను. అది తన పాయ ఒకటి కళ్ల ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది.

చిన్నమ్మమ్మ పీట మీద కూర్చుని, మోకాళ్ల మధ్య పిల్లని కూర్చోబెట్టుకుని దారం చుట్టడం మొదలుపెట్టింది. పాయ తీసి, ఆ వెంట్రుకలకి రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది, కుదురు దగ్గర దారం పెట్టి, పాయని లాగి పట్టుకుని, చుట్టు మీద చుట్టు వేస్తూ కొసకి దిగేది. చుట్టుకీ చుట్టుకీ మధ్య గాలి ఆడేలా సందు. కుదుళ్ల దగ్గర వదులు, దిగేకొద్దీ బిగువు. ఒక పాయ అయ్యాక కొసన ముడి వేసి, ఇంకో పాయ తీసేది. ఎడమ చెవి పైన పాయ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. కాలి విరిగిన చోట మొలిచిన జుట్టు ఇంకా వేలెడు మాత్రమే ఉంది.

"దీనికేటి సేస్తావు పిన్నీ?" అని కోడలు వంటింటి గుమ్మంలోంచి అడిగింది. చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి చూస్తోంది.

"పొట్టి దానికి పొట్టి దారం" అని, దానికీ రెండు చుట్లు చుట్టి ముడి వేసింది.

అన్నీ పూర్తయ్యేసరికి పిల్ల తల నిండా సన్నని నల్లని కడ్డీలు అటూ ఇటూ పొడుచుకు వచ్చాయి.

"తాతా, ఎలగున్నాను?"

నాకంటే ముందు చిన్నమ్మమ్మ అందుకుంది. "రొయ్యిలాగున్నావు గుంటా. మీసాలన్నీ బయటికే."

"పెద్ద రొయ్యా, సిన్న రొయ్యా?"

"బజార్లో మంచి రేటు పలుకుద్ది, ఎల్లు."

మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో పిల్లని కూర్చోబెట్టాం. ఎండ తగలకూడదని, గాలి మాత్రం తగలాలని నేనే చోటు చూపించాను. పడమటి గాలి గడ్డి వాసనతో వచ్చి ఆ కడ్డీల్ని కదిపి పోతోంది. నేను పక్కనే కూర్చుని, ఇంటింటి మీదా ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తున్నాను. మధ్యాహ్నం దాటాక బట్టలు ఒకసారి ఊగడం మానేశాయి, తర్వాత ఎదురు దిక్కుకి తిరిగాయి. సముద్రం గాలి వచ్చేసింది. పాయ పట్టి చూస్తే పొడిగా తగిలింది. పిల్లని కిందికి దించాం. నా భార్య తన పెళ్లినాటి పాత పట్టుచీర ముక్కతో దాని తల చుట్టి కట్టింది.

"రేపు పొద్దున్న విప్పుదాం. ఈ రాత్రికి రొయ్య రొయ్యలాగే పడుకుంటాది" అంది.

పార్లరు ఆవిడకి రావద్దని చెప్పమని కోడల్ని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మరునాడు ఉదయం నేను అలవాటు ప్రకారం అందరికంటే ముందు లేచి వీధి తలుపు తీశాను. ఎదురిల్లు లేదు. పొగమంచు. గేటు ఇనప చువ్వల మీద నీళ్లు బొట్లు బొట్లుగా నిలిచాయి. రాత్రి పడమటి గాలి తిరిగి రాలేదు. సముద్రం గాలి అలాగే ఆగిపోయి ఊరి మీద కూర్చుంది. నేను గాలి చూసి చెప్పిన రోజు శనివారం ఒక్కటే. ఆదివారం పొద్దుట సంగతి నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

లోపలికి వచ్చేసరికి ముందు గదిలో పిల్ల తల చుట్టూ ముగ్గురూ చేరి ఉన్నారు. పట్టుగుడ్డ విప్పారు. చిన్నమ్మమ్మ ఒక పాయ కొసన ముడి పట్టుకుని విప్పబోతోంది. అది రావడం లేదు. ఇంకో పాయ పట్టింది. అదీ రావడం లేదు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఓలమ్మో" అంది మెల్లగా. "నాను వల ముడి ఏసీసినాను అక్కా."

నా భార్య నుదురు కొట్టుకుంది. వల ముడి అంటే లాగేకొద్దీ బిగిసే ముడి. చేప ఎంత గింజుకున్నా జారకూడదని వేసేది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి దారం చేతికొస్తే ఆమె వేళ్లకి తెలిసిన ముడి అదొక్కటే. ఆమె పిల్ల తల మీద మాటలు చెబుతూ, నవ్వుతూ, పాయ పాయకీ అదే వేసుకుంటూ పోయింది. పైగా నూలు దారం రాత్రి తేమకి తడిసి ఉబ్బి, ముడి రాయిలా బిగుసుకుంది.

"కత్తిరించీండి" అంది కోడలు. కత్తెర అప్పటికే చేతిలో ఉంది. రెండో చేతిలో ఫోను. "దారమే కదా."

"దారం కింద ఎంటికలున్నాయి. కానరావు" అంది చిన్నమ్మమ్మ. "ఏది దారమో ఏది ఎంటికో నాకే తెలీదు."

పిల్ల కత్తెర వైపు చూసింది, ఫోను వైపు చూసింది. ఏడవలేదు. కానీ రెండు చేతులూ ఎత్తి తల మీద పెట్టుకుంది. ఆ చేతులు చూసి కోడలు కత్తెర కిందికి దించింది, మళ్లీ ఎత్తలేదు. ఫోను మాత్రం వదల్లేదు. బయట షామియానా వాళ్లు కుర్చీలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"తడి ముడి ఎవుడిప్పగలడు బావా?" అని మా మరదలు నన్ను అడిగింది. "మా ఊర్లో అయితే ఒడ్డున ఎండేత్తాం. దారం ఆరితే అదే సడలుద్ది. ఈ మంచులో ఎక్కడెండేత్తాం?"

ఆమె చెప్పింది నాకు తెలిసిన సంగతే. మా కేంద్రంలో గాలి కొలిచే స్తంభానికి కట్టిన నూలు తాళ్లు వానాకాలంలో వీణ తీగల్లా బిగిసేవి. ఎండ కాస్తే సడలేవి. కావలసినది పొడిగాలి ఉన్న చోటు ఒకటి. ముడులు సడలడానికీ అదే కావాలి, జుట్టు మళ్లీ చుట్టలు పోకుండా ఉండడానికీ అదే కావాలి. ఊరంతా మంచు కప్పి ఉంది. అలాంటి చోటు ఇంట్లో ఒకటి ఉందని నాకు తెలుసు.

మేడ మెట్ల కింద చిన్న గది నాది. నా డైరీలన్నీ అక్కడున్నాయి. సముద్రం దగ్గరి ఊళ్లో కాగితం నిలవదు, అందుకని కిటికీ మూయించి, అలమారా కింది అరలో ఒక బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేలా పెట్టాను. తలుపు తెరిచి ఉంచనివ్వను. ఎవరినీ రానివ్వను, తడి చీరలతో నా భార్యని అసలే రానివ్వను. కోడిపిల్లలకి బల్బు పెట్టినట్టు డైరీలకి పెట్టానని ఆమె ఆ గదిని కోళ్లఫారం అంటుంది.

"మెట్ల కింద గదిలోకి రండి" అన్నాను.

నా భార్య నా వైపు చూసింది. "అందరమూనా?"

"అందరూ."

ఐదుగురం ఆ గదిలో ఇరుక్కుని, తలుపు వేసుకున్నాం. పిల్లని స్టూలు మీద, బల్బు వెచ్చదనం సోకీ సోకని దూరంలో కూర్చోబెట్టాం. మిగిలినవాళ్లం గోడకి ఆనుకుని నిలబడ్డాం. గాలి అట్టల వాసన వేస్తోంది. చేసే పనేమీ లేదు, ఆరడమే కావాలి. ఎదురు చూడలేక పిల్ల అలమారా వైపు తిరిగింది.

"తాతా, నాను పుట్టినరోజు ఇందులో ఉందా?"

తీసి చదివాను. తూర్పు గాలి, చిరుజల్లు. హాజరైనవారి కింద చివర్న, సాయంత్రం నుంచి ఒకరు అదనం అని ఉంది. దాని కింద ఇంకో వరస: తల మీద జుట్టు దట్టం, తడిసి నుదుటికి అంటుకుంది, ఆరేకొద్దీ చుట్టలు తిరుగుతోంది.

"అప్పుడే సూసినావా!" అంది పిల్ల.

కోడలు ఆ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఆ వరస తనకి తాను మళ్లీ చదువుకుంది.

చిన్నమ్మమ్మ మధ్యమధ్యలో ఒక ముడిని గోటితో నొక్కి చూస్తూ ఉంది. "టికే ఆగండి" అంటోంది, కొంచెం ఆగమని. ఇంకోసారి నొక్కింది. ఇంకా లేదంది. ఆ తర్వాత ఒకసారి నొక్కి, తన కొప్పులోంచి జడపిన్ను తీసి ముడి మధ్యలో దూర్చింది. దారం చిన్నగా కదిలింది. ముడి విచ్చుకుంది.

ఒక పాయ మీద దారం ఊడుతూ వచ్చింది. పైనుంచి కిందికి చుట్టు వెనక చుట్టు విడిపోయింది. జుట్టు కిందికి జారింది. భుజం దాటింది, దాటి ఆగలేదు. మోచెయ్యి దాటింది, నడుం దాటింది, స్టూలు అంచుకి తగిలింది. దారం నొక్కులు సన్నగా అలల్లా ఉన్నాయి. అవి తప్ప ఆ పాయ నిటారుగా, నల్లగా, మెరుస్తూ ఉంది.  ఇంకో పాయ విప్పింది. ఇంకోటి. ఒక్కో పాయ జారినప్పుడల్లా గదిలో ఎవరో ఒకరి ఊపిరి వినిపించింది. అన్నీ విప్పి, వేళ్లతో మెల్లగా కలిపేసరికి పిల్ల వీపు కనిపించలేదు.

తుఫానులు చూశాను. చెక్క పెట్టెలో వెంట్రుకలు రాసిన గీతల్ని ఏళ్ల తరబడి చూశాను. ఆ గదిలో నిలబడినప్పుడు కలిగినంత ఆశ్చర్యం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. కొత్తగా ఏదీ వచ్చి చేరలేదు. ఇంత జుట్టూ ఇన్నేళ్లూ మా కళ్ల ముందే, భుజానికి పైన, చుట్టలు చుట్టుకుని ఉంది. రోజూ అన్నం పెట్టాం, దువ్వాం, మందలించాం, కొబ్బరి పీచని నవ్వాం. లోపల ఇంత దూరం దాచుకుని అది మా మధ్య తిరుగుతూనే ఉంది. నిప్పు తగలలేదు. నీళ్లు, దారం, గాలి, అంతే.

నా భార్య వంగి, కొసలు రెండు అరచేతుల్లోకి తీసుకుంది. "మా పెద్దక్క" అంది. 

"నడుం దాటిందా అమ్మా?" అని పిల్ల వెనక్కి తిరగకుండా అడిగింది.

"దాటిందమ్మా" అంది కోడలు.  ఎడమ చెవి పైన వేలెడు పాయని, అదీ నిటారుగా ఆరి ఉంది, వేలి కొసతో తాకింది. ఆ తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకుని తలుపు వైపు తిరిగింది. "మీరు రానక్కర్లేదండి. ఠిక్ అఛి, పర్లేదు. అయిపోయింది. ఇంట్లోనే సేసినాం."

జడ కూడా ఆ గదిలోనే వేశారు. తలుపు సందులోంచి పూలు లోపలికి అందించారు. మల్లెల తడి నా అట్టల మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. వేలెడు పాయ ఒక్కటీ జడలో ఇమడలేదు, దాన్ని నూనెతో చెవి మీదుగా వెనక్కి అద్దారు. జడకుప్పెలు కట్టాక పిల్ల లేచి నిలబడి, తల ఒకసారి అటూ ఇటూ తిప్పింది. కుప్పెలు అలమారాకి తగిలి మోగాయి. సొంత జడ బరువు ఎంతో అప్పుడే తెలిసినట్టుంది దానికి. మెడ నిటారుగా పెట్టుకుని నడిచింది.

షామియానా కిందికి వచ్చేసరికి మంచు విచ్చుతోంది, సముద్రం గాలి మళ్లీ మొదలైంది. పిల్ల పీట మీద కూర్చుంది. కొబ్బరి పీచన్న పిల్లలు వెనక చేరారు. ఒకడు జడ లాగి చూశాడు. "ఊడదురా, నిజందే" అని పక్కవాడికి చెప్పాడు. పిల్ల విననట్టు ముందుకు చూస్తూ కూర్చుంది గాని, చెవులు రెండూ వెనక్కే ఉన్నాయని నాకు కనిపిస్తూనే ఉంది.

హారతి ఇచ్చే వేళకి ఆ వేలెడు పాయ చెవి మీద నుంచి లేచింది. మెల్లగా వంగింది. ఒక చుట్ట తిరిగింది. కోడలు నూనె గిన్నె కోసం చెయ్యి చాపింది.

"ఉండనీ అమ్మా" అంది పిల్ల, తల పక్కకి తప్పించి. తర్వాత ఆ చెవి నా వైపు తిప్పింది. "తాతా, సూసి సెప్పు. గాల్లో తేమ పెరగతాందా, తగ్గతాందా?"

నేను కళ్లజోడు పెట్టుకుని, పీట దగ్గరికి వెళ్లి, వంగి ఆ చుట్టని చూశాను. చూస్తుండగానే అది ఇంకో అర చుట్టు తిరిగింది.

"పెరుగుతోంది" అన్నాను.

"అయితే ఫొటో అన్నని బేగి రమ్మను."

ఫొటో తీసే అబ్బాయిని పిలవడానికి నేనే వెళ్లాను.